ఢిల్లీ నగరమును చూడవలసిన విధము

మన పాఠశాలలనుండి విద్యార్థులను రాజధానియగు ఢిల్లీ నగరమునకు గొనిపోవు వాడుక మెచ్చదగినదే. పుస్తకమున చదివిన కట్టడమును కన్నులార చూచిన బాలుడు ఆ పాఠమును మరువడు. అయినను ఈ యాత్రలు సాగుచున్న తీరు నాకు సమ్మతము కాదు. మూడు దినములలో ఇరువది స్థలములు చూపింతుమని మనము చెప్పుచున్నాము, తలిదండ్రులు సంతసించుచున్నారు, పిల్లలు బస్సు దిగి, గోడయెదుట నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, మరల బస్సెక్కుచున్నారు. ఇది తిరుగుటయే గాని చూచుట కాదు.

ఢిల్లీ కట్టడములలో పెక్కింటిని ఒక్కరే కట్టి విడిచిపెట్టలేదు. అనేక తరములవారి చేతులు వానిపై పడినవి. తొందరపడువానికి మొదటి పేరొక్కటియే దక్కును. తక్కినవి నిలిచి చూచువానికే తెలియును.

కుతుబ్ మీనారునే తీసికొందము. దాదాపు 73 మీటర్ల యెత్తుగల యీ కట్టడమును కుతుబుద్దీన్ ఐబక్ కట్టించెనని మన బాలురందరును చెప్పుదురు. అతడు ఆరంభించినవాడు మాత్రమే. పిమ్మట అతని యల్లుడు ఇల్తుత్‌మిష్ పై యంతస్తులు కట్టించెను. 14వ శతాబ్దమున పిడుగుపడి పైభాగము చెడగా, ఫిరోజ్ షా తుగ్లక్ దానిని బాగుచేయించి ఐదంతస్తులు గావించెను. అందుచేతనే క్రింది మూడంతస్తులు ఎఱ్ఱరాతివి కాగా, పై రెండింట పాలరాయియు కానవచ్చుచున్నది. 1828లో రాబర్టు స్మిత్ అను ఇంగ్లీషు దొర శిఖరమున ఒక మంటపము పెట్టించెను. అది అచ్చట ఒప్పలేదని 1848లో దింపించిరి. నేటికిని ఆ మంటపము ప్రక్కనున్న పచ్చికలో నిలిచియున్నది. మీదికి మాత్రమే చూచిపోవువానికి అది కంటబడదు.

ఎఱ్ఱకోటయు నట్టిదే. షాజహాను దానిని 1639లో ఆరంభించి 1648లో ముగించెను. ఆ కోటలోనే 1858లో అతని వంశపు కడపటి పాదుషాయగు బహదూర్ షాను ఇంగ్లీషువారు విచారించిరి. ఆ కోటలోనే 1945లో ఆజాద్ హింద్ ఫౌజు సేనానులపై విచారణ జరిగెను. ఆ కోటపైననే నేడు ఏటేట ఆగస్టు 15వ తేదీన ప్రధానమంత్రి జాతీయ పతాకము నెగురవేయుచున్నారు.

తెలుగు బాలురు తప్పక చూడదగిన దొకటి నిజాముద్దీను ప్రాంతమున ఇండ్ల నడుమ నున్నది. అది ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ సమాధి. ఇతడు కాకతీయుల కొలువులో నుండి, 1323లో ఓరుగల్లు పడిపోయిన పిదప ఢిల్లీ చేరి, ఇస్లాము మతము స్వీకరించి, ఫిరోజ్ షాకు మంత్రి యయ్యెను. ఇరువది స్థలముల పట్టికలో ఇట్టివానికి చోటు దొరకదు.

“జన్మమున కొక్కసారి పోవుచున్నాము, దేనిని విడుతుము?” అని తలిదండ్రులు అడుగుట సహజమే. కష్టపడి కూడబెట్టిన ధనము గదా! కాని ఆ ధనము విలువ యెఱిగినవారే అది పేర్ల పట్టికకు గాక జ్ఞానమునకు చెల్లవలెనని కోరవలయును.

కావున నా మనవి యిది. దినమునకు ఒకటి రెండు స్థలములే చాలును. బయలుదేరుటకు నెలదినములు ముందే ఒక్కొక్క కట్టడమును ఒక్కొక్క విద్యార్థి కప్పగింపవలయును. ఆ స్థలమున తక్కినవారికి అతడే దానిని వివరింపవలయును. గోడలపై పేర్లు చెక్కుట తగదని ముందుగనే బోధింపవలయును. ఒక్కొక్క యుపాధ్యాయుని వెంట కొలదిమంది పిల్లలే యుండవలయును. 1981 డిసెంబరు 4వ తేదీన కుతుబ్ మీనారు లోపలి మెట్లపై దీపము లారిపోయి, త్రొక్కిసలాటలో 45 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది పాఠశాల పిల్లలే. నాటినుండి లోనికి ఎవరిని పోనిచ్చుట లేదు. పరుల బిడ్డలను వెంటగొనిపోవు మనము ఈ సంగతి మరువరాదు.

తలిదండ్రులారా, యాత్రనుండి తిరిగివచ్చిన మీ బిడ్డను “ఎన్ని చూచితివి?” అని యడుగకుడు. “చూచినదానిని గూర్చి చెప్పుము” అని యడుగుడు. ఆ బిడ్డ చెప్పగలిగినంతయే మీ ధనమునకు ఫలము.