కొంగున తాళాలుంటే సరిపోదు

శోభా డే 1989లో రాసిన ‘సోషలైట్ ఈవెనింగ్స్’ అనగానే అందరూ పార్టీలు, అక్రమ సంబంధాల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం అందులో కరుణ గుర్తుంటుంది. మధ్యతరగతి పిల్ల, బొంబాయిలో డబ్బున్నవాడి భార్య అవుతుంది. అన్నీ ఉంటాయి, మొగుడితో చెప్పుకోడానికి మాటే ఉండదు. అతను వద్దనుకున్నాక ఆమెకి మిగిలింది పుట్టిల్లే. తర్వాత సొంత సంపాదన మీద నిలబడి, ఇంకో పెళ్ళి వద్దనుకుంటుంది.

“ఆ గొప్పోళ్ళ గోల మనకెందుకండీ” అంటారా? బీరువా తాళాలు మన కొంగునే ఉంటాయి, సరే. బ్యాంకు పాసుబుక్కు ఎవరి పేరున ఉంది? మేడయినా పెంకుటిల్లయినా ప్రశ్న ఇదే. అందుకే ఆడపిల్లకి నగలు పెట్టేముందు చేతిలో ఒక పని, తన పేరున ఒక ఖాతా ఉండేలా చూడాలంటాను. మీరేమంటారు?