కొలువులో మన చోటు ఎక్కడ?

దసరాకూ సంక్రాంతికీ విజయవాడ ఇళ్ళల్లో బొమ్మల కొలువులు పెడతారు. మెట్లు కట్టి, బట్ట పరిచి, పై మెట్ల మీద దేవుళ్ళను, కింది మెట్ల మీద మనుషులను నిలబెడతారు. ఆ మెట్ల మీద ఆదివాసీ లేడంటే అబద్ధం. ఉన్నాడు. రాముణ్ని గంగ దాటించే గుహుడున్నాడు. పళ్ళు కొరికి రుచి చూసి పెట్టే శబరి ఉంది. కన్ను పెకలించి శివుడికి ఇచ్చే కన్నప్ప ఉన్నాడు. చంకన బుట్టతో సోది చెప్పే ఎరుకలామె ఉంది. ఒకరు దాటిస్తున్నారు, ఒకరు తినిపిస్తున్నారు, ఒకరు తన ఒంటినే కోసి ఇస్తున్నారు. ఎదురు తిరిగి నిలబడ్డ మనిషి మాత్రం మన నుంచి ఒక్కరూ లేరు.

ఆ ఎరుకలామె దగ్గర కాసేపు ఆగుదాం. కొలువులో ఆమె ముచ్చటైన బొమ్మ. అదే కాలంలో, అదే ఊరికి కృష్ణ అవతల, సీతానగరంలో ఆమె జనాన్ని సెటిల్మెంట్లో పెట్టారు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశాక, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్మెంట్లలో అదొకటి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఇంకొకటి. హాజరు పలకాలి. బయటికి వెళ్ళాలంటే చీటీ కావాలి. పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడు. 1952 దాకా దేశంలో ఆ చట్టం పూర్తిగా పోలేదు. హాజరుపట్టీ ముందు వరుసగా నిలబడ్డ ఎరుకల కుటుంబాన్ని ఎవరైనా బొమ్మగా చేశారా? సోది బుట్ట కనబడుతుంది, సెటిల్మెంట్ గేటు కనబడదు.

విజయవాడ పక్కనే కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్ర తెచ్చి, చెక్కి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి అతుకులు వేసి, రంగులు దిద్దుతారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, రోకలి పట్టుకున్న ఆడవాళ్ళు. పనితనాన్ని ఎవరూ వంక పెట్టలేరు. ఆ కళాకారుల మీద నాకు కోపమూ లేదు, కొనేవాడు ఏది అడిగితే అది చేస్తారు. అడవి నుంచి కర్ర వస్తుంది కానీ అడవి కోసం పోరాడినవాడు ఆ కర్రలోకి రావడం లేదు. అలా అడిగిన కొనుగోలుదారు ఇంతవరకు లేడన్నదే నా ఫిర్యాదు. అందులో మనమూ ఉన్నాం.

బడుల సంగతి చూడండి. ఆగస్టు 15 వస్తే వేషాల్లోనూ, అట్టముక్కల నమూనాల్లోనూ అదే వరస: గుర్రం మీద ఝాన్సీ రాణి, టోపీ పెట్టిన భగత్‌సింగ్, యూనిఫాంలో బోసు, కాషాయం కట్టి విల్లు పట్టిన అల్లూరి. గిరిజన ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ పిల్లవాడికి కూడా అవే వేషాలు. అల్లూరి వేషం ఒక్కరికే దొరుకుతుంది. మిగతా పిల్లలకు ఆకులు కట్టి వెనక నిలబెడతారు. వాళ్ళ పాత్రకు పేరుండదు.

ఇది మన దేశపు జబ్బు ఒక్కటే కాదు. పశ్చిమ దేశాల్లో చిన్న సైనిక బొమ్మలు పోగుచేసే సరదా ఉంది. సీసంతోనో ప్లాస్టిక్‌తోనో వేలెడంత సైనికులను చేసి, రంగులు వేసి, యుద్ధభూమిని బల్ల మీద పరుస్తారు. ఏళ్ళ తరబడి ఆ బల్లల మీద తిరిగేది కొన్ని కథలే: నెపోలియన్, వాటర్లూ, రోమన్ దళాలు, హిట్లర్ ట్యాంకులు. ఫలానా రెజిమెంటు కోటుకు ఏ రంగు పట్టీ ఉండాలో వాదించుకుంటారు. మనకు సంబంధించింది ఆ వాదన వెనక ఉన్న లెక్క.

1879 జనవరిలో దక్షిణాఫ్రికాలో రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట దాదాపు 150 మంది బ్రిటిష్ పక్షం వాళ్ళు జూలూ సేనను ఒక పగలూ రాత్రీ ఆపారు. 11 విక్టోరియా క్రాస్‌లు ఇచ్చారు. 1964లో దాని మీద సినిమా తీశారు. అప్పటినుంచి ఆ పోరు బొమ్మలు విరివిగా వస్తూనే ఉన్నాయి. ఎర్రకోటు అధికారికి పేరుంటుంది. జూలూలు మాత్రం గుంపు. తన నేల మీదికి వచ్చినవాళ్ళతో పోరాడినవాడికి పేరు పెట్టలేదు.

అదే 1879లో, రెండు నెలలు తిరక్కుండానే, గోదావరి ఏజెన్సీలో రంప తిరగబడింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం కలిసి మంట రేపాయి. కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు ముందు నిలిచారు. అణచడానికి మద్రాసు ప్రభుత్వం పటాలాలు దించవలసి వచ్చింది. తమ్మన్నదొర బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? దుకాణంలో అడిగి చూడండి. పేరు చెప్పినా గుర్తుపట్టరు.

అల్లూరి శ్రీరామరాజు పుట్టింది 1897లో. అంటే రంప లేచిన 18 ఏళ్ళకు. మన్యానికి తిరగబడటం బయటి నుంచి వచ్చినవాడు నేర్పాడనే కథకు ఈ ఒక్క తేదీ చాలు.

ఇక్కడ కొందరు మిత్రులు నొచ్చుకుంటారని తెలుసు. అల్లూరిని తగ్గించడం నా ఉద్దేశం కాదు. మన కొండల్లో మన వాళ్ళతో కలిసి తిరిగాడు, 27 ఏళ్ళు నిండకుండానే 1924 మే 7న కాల్చి చంపబడ్డాడు. ఆ మనిషికి దండం పెట్టడంలో మనకు పేచీ లేదు. పేచీ అంతా ఆయన చుట్టూ ఖాళీ చేసిన జాగా గురించి. 1882 అటవీ చట్టం పోడు మీద పడ్డప్పుడు ఆకలి తెలిసినవాడు మన్యం రైతు. బాస్టియన్ అనే తాసీల్దారు నర్సీపట్నం దారి పనిలో చాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టింది మన వాళ్ళకే. బట్టిపనుకుల మునసబు పని పోగొట్టుకున్న గాం గంటందొరకు, ఆయన తమ్ముడు మల్లుదొరకు ఆ తాసీల్దారుతో సొంత తగాదా ఉంది. మొట్టడం వీరయ్యదొర అప్పటికే ఒక పితూరీ చేసి జైలు చూసినవాడు. గోకిరి ఎర్రేసు, పండుపడాలు... వీళ్ళు అనుచరులట! పాఠ్యపుస్తకంలో ఆ ఒక్క మాటతో సరి. అల్లూరి పోయాక కూడా పోరు ఆగలేదు. గంటందొర జూన్‌లో నేలకొరిగాడు. మల్లుదొర అండమాన్ చూసి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాలాపానీ నుంచి పార్లమెంటు దాకా నడిచిన ఆదివాసీ! ఇంతకంటే బొమ్మ చేయదగ్గ బతుకు ఏముంటుంది?

విల్లు సంగతి కూడా తేల్చుకోవాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు తీసుకుపోయారు. తీసుకున్నవాటికి స్టేషన్‌లో లెక్క రాసి మరీ వెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కూల్చారు. దారి తెలిసి, కాపు కాసి, గురి చూసి చేసిన యుద్ధం అది. బొమ్మలో మాత్రం అందరి చేతిలో విల్లే. నెపోలియన్ సిపాయి కోటు పట్టీ రంగు తప్పితే గగ్గోలు పెట్టే లోకం, మన్యం మనిషి చేతిలో తుపాకీ తీసేసి బాణం పెడితే పట్టించుకోదు. కోయ, కొండదొర, కొండరెడ్డి, బగత, అందరికీ ఒకటే ఆకుల లంగోటీ. 1974 సినిమాలో కృష్ణ వేసిన వేషమే విగ్రహమైంది. విగ్రహం చూసి వేషం, వేషం చూసి విగ్రహం. 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ ఇంకో అడుగు వేసింది. కొమురం భీమ్‌ను పక్కన నిలబెట్టి, చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే చదువు చెప్పమని భీమ్‌తో అడిగించింది. జల్ జంగల్ జమీన్ అన్న నినాదంతో నిలిచిన భీమ్‌కు దాని అర్థం ఇంకొకరు చెప్పాలా?

బొమ్మలు తీసేయడం కూడా ఒక యుద్ధమే. లండన్‌లో విలియం సైబోర్న్ అనే సైనికాధికారి వాటర్లూ యుద్ధానికి పెద్ద నమూనా చేసి 1838లో జనానికి చూపించాడు. వేల వేల తగరపు సైనికులు. అందులో జర్మన్ ప్రష్యా సేన గెలుపులో సగం పంచుకున్నట్టు కనబడింది. గెలుపంతా తనదేనన్న వెల్లింగ్టన్‌కు, ఆయన పక్షానికి అది రుచించలేదు. ఒత్తిడి పెరిగి, చివరికి సైబోర్న్ వేల కొద్దీ ప్రష్యన్ బొమ్మలను నమూనా నుంచి తీసేశాడు. చిన్న తగరపు ముక్కలే. అయినా ఒక రాజ్యపు పెద్దలు వాటిని ఓర్చుకోలేకపోయారు. బొమ్మలతో ఏముందిలే అనేవాళ్ళకు ఇది చెప్పండి.

2022 జూలై 4న భీమవరంలో ప్రధాని 30 అడుగుల అల్లూరి కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. మల్లుదొర కొడుకును వేదిక మీద సన్మానించారు. మంచిదే. శాలువా ఇద్దరికి వచ్చింది, కంచు ఒక్కరికే వచ్చింది.

గంటందొర ముఖం ఎలా ఉంటుందో తెలియదు కదా అని అడుగుతారు. నన్నయ ముఖం ఎవరు చూశారు? అయినా హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టారు. రాముడి ముఖం కొండపల్లిలో ఎవరిని చూసి దిద్దుతున్నారు? కావాలనుకున్నప్పుడు ముఖం దొరుకుతుంది.

విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లేచింది. అది ప్రభుత్వం ఇచ్చిన వరం అనుకోకండి. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే డెల్టా పేటల్లో కూలీలు చందాలు వేసుకుని, చూపుడు వేలెత్తిన చిన్న సిమెంటు బొమ్మను నిలబెట్టుకున్నారు. పగలగొడితే మళ్ళీ పెట్టుకున్నారు. ప్రభుత్వం ఆ తర్వాత వచ్చింది.

మనకు ఇప్పుడు తొందర ఎందుకంటే, గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియంలు కట్టిస్తామని 2016 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. మన రాష్ట్రానికి లంబసింగి దగ్గర తలపెట్టారు. మ్యూజియం అంటే మనుషులంత బొమ్మలు, యుద్ధ దృశ్యాలు, కింద పేరు రాసిన పలకలు. ఏ బొమ్మ ముందు, ఏది వెనక, పలక మీద ఏముంటుంది అన్నది ఎవరో ఒక గదిలో కూర్చుని తేలుస్తారు. ఒకసారి దిమ్మె పోశాక యాభై ఏళ్ళు దాన్ని కదపలేం. ఆ గదిలో మన్యం చదువుకున్నవాళ్ళు కూర్చోవాలి. పితూరీ కథలు చెప్పే ముసలివాళ్ళు కూర్చోవాలి. పిలవకపోతే ఉత్తరాలు రాయాలి, ఐటీడీఏ మెట్లెక్కాలి.

ఈలోగా ఉపాధ్యాయులు చేయగలిగింది ఒకటుంది. పదిమంది మాస్టార్లు కలిసి కొండపల్లికి వెళ్ళి ఒక సెట్టు చేయించండి. చింతపల్లి స్టేషన్, 1922. వాకిట్లో తుపాకులు మోస్తున్న మన్యం రైతులు, మాటిమాటికీ దారి చూసే కావలివాడు, బల్ల దగ్గర లెక్క రాస్తున్న మనిషి. గంటందొర, మల్లుదొర, ఎర్రేసు, పక్కన అల్లూరి, అందరూ ఒకే ఎత్తులో. ఒక్కొక్కరి పీట మీద ఒక్కొక్కరి పేరు తెలుగులో. రెండో సెట్టుకు సీతానగరం గేటు. ధర ఎంతవుతుందో ముందే అడిగి, బడికి ఇంతని పంచుకోండి. తాసీల్దారు బాస్టియన్‌ను కూడా చేయించండి, కాస్త చిన్నదిగా.