ట్యాబ్ సరే, ఉస్తాద్ ఏరి?

2022 డిసెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం సర్కారీ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ బైజూస్ పాఠాలున్న ట్యాబ్‌లు పంచింది. అన్నీ కలిపి 5 లక్షల పైమాటే. నాకు ఒక్కటే సవాల్: బిడ్డ చేతికి సామాన్ వచ్చింది, తాలీమ్ వచ్చిందా?

నేను ఉర్దూ మీడియంలో చదివా. కసర్ లెక్కలు, అంటే భిన్నాలు, బుర్రకెక్కక ఏడుస్తుంటే మా ఉస్తాద్ తన డబ్బాలోని రొట్టెను నాలుగు ముక్కలు చేశారు. "ఇస్మేసే తీన్ తూ ఖాలియా తో మేరేకు క్యా బచ్తా?" అని మన ఇంటి జబాన్‌లో అడిగారు. నవ్వొచ్చింది. పావు అంటే ఏంటో తెలిసొచ్చింది.

వైగోత్‌స్కీ అనే రష్యా మనోవైజ్ఞానికుడు చెప్పిందీ ఇదే. పిల్లాడు ఒంటరిగా చేయలేనిది, తెలిసినవాళ్లు చేయందిస్తే చేయగలుగుతాడు. చదువు అక్కడే పెరుగుతుంది. వీడియో మాత్రం చెప్పుకుంటూ పోతుంది, బిడ్డ ముఖం చూసి ఆగదు.

హెడ్‌మాస్టర్ సాబ్, ట్యాబ్ వద్దనట్లేదు. విన్న పాఠం మళ్లీ వినడానికి పనికొస్తుంది. కానీ ముందు చూడండి: ఉర్దూలో లెక్కలు చెప్పే పోస్టు భర్తీ అయిందా? అర్థం కాకపోతే బిడ్డ ఎవరిని అడగాలి? ప్రాథమిక దశలో మాదరీ జబాన్‌లో చదువుకు వసతులు కల్పించమని రాజ్యాంగం 350-ఎ అధికరణంలోనే ఉంది. మనం అడిగేది భీక్ కాదు, హక్.

అమ్మీలారా, అబ్బాలారా, ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ట్యాబ్ సంగతి తర్వాత. ఉస్తాద్ ఎప్పుడొస్తారో అడగండి.