కడుపు నిండుతోంది.. మరి రక్తమో?

కోలారు, పావగడ, హోసూరు పల్లెల్లో ఒకప్పుడు పొయ్యి వెలిగిందంటే సంగటే. బళ్లారి వైపు జొన్నరొట్టె. రాయగడ, కొరాపుట్ కొండవార చోడి అంబలి. అన్నం అంటే పండగకో, చుట్టాలొచ్చినప్పుడో. ఇప్పుడు పొద్దున ఇడ్లీ, దోసె.. మధ్యాహ్నం, రాత్రి అన్నం. మధ్యలో పిల్లల చేతికి చిప్స్ ప్యాకెట్. రాష్ట్రాలు వేరైనా తెలుగింటి కంచం ఒకేలా మారింది. ఆ మాటకొస్తే దేశమంతటా జరిగింది ఇదే.

రూపాయి ఎటు పోతోంది?

జాతీయ నమూనా సర్వే లెక్కలు చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది. 1999-2000లో పల్లెటూరి కుటుంబం వంద రూపాయలు ఖర్చు పెడితే 22 రూపాయలు తిండిగింజలకే పోయేవి. 2022-23కి అది 5 రూపాయలకు దిగింది. పానీయాలు, ప్యాకెట్ సరుకు, హోటల్ తిండికి మాత్రం 9 రూపాయల 60 పైసలు పెడుతున్నారు. గింజలకు పెట్టేదానికి ఇది దాదాపు రెట్టింపు. చౌకబియ్యం ఒక కారణమైతే, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం ఇంకో కారణం. పండ్లకు, గుడ్లు, చేపలు, మాంసానికి పెట్టే వాటా కూడా పెరిగింది. అంతవరకు మంచిదే.

మరి ఒంట్లోకి చేరుతున్నదేమిటి? 2009-10లో గ్రామాల్లో మనిషికి రోజుకు 59.3 గ్రాముల మాంసకృత్తులు అందేవి. 2023-24లో 61.8 గ్రాములు. అదే కాలంలో కొవ్వు 43.1 నుంచి 60.4 గ్రాములకు ఎగబాకింది. అంటే పద్నాలుగేళ్లలో మాంసకృత్తులు పెరిగింది రెండున్నర గ్రాములు.. కొవ్వు పెరిగింది 17 గ్రాములు!

లావు ఒకవైపు.. రక్తలేమి మరోవైపు

దీని ఫలితం ఆడవాళ్ల మీద ఎక్కువగా కనబడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో తమిళనాడులో 40 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అక్కడే 53 శాతం మందికి రక్తహీనత. కర్ణాటకలో 30 శాతం మందికి అధిక బరువు, 48 శాతం మందికి రక్తహీనత. ఒడిశాలో రక్తహీనత 64 శాతం, మహారాష్ట్రలో 54 శాతం. మనిషి చూడటానికి పుష్టిగానే ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది.

రేషనే రాసిన కంచం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. ఒడిశాలో 2008లో రెండు రూపాయల బియ్యం, తమిళనాడులో 2011లో ఉచిత బియ్యం, కర్ణాటకలో 2013లో అన్నభాగ్య వచ్చాయి. ఇవి కోట్ల మంది ఆకలి తీర్చాయి. కాదనలేం. కానీ బియ్యం ఇంటికొచ్చాక రాగులు దంచి, విసిరే శ్రమ ఎవరు పడతారు? పొలాలూ మారాయి. కోలారులో టమాటా, మల్బరీ.. పావగడలో వేరుశనగ.. రాయగడలో పత్తి. 'సంగటి పేదోడి కూడు' అన్న చిన్నచూపూ తోడైంది.

పోయిందేమిటో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలే చెబుతాయి. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాముల దాకా ఉంటే, పాలిష్ బియ్యంలో పది కూడా లేదు. ఇనుము కూడా రాగుల్లోనే ఎన్నో రెట్లు ఎక్కువ. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఆ సంస్థ 2024లో సూచించింది. మిగతాది పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్ల నుంచి రావాలి.

అడగాల్సింది మనమే

ప్రభుత్వాల్లో కొంత కదలిక ఉంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన రైతుల నుంచి మద్దతు ధరకు చోళ్లు కొంటోంది. తమిళనాడు 2023లో ధర్మపురి, నీలగిరి జిల్లాల రేషన్‌లో రాగులు ఇవ్వడం ప్రారంభించింది. అదనంగా ఇచ్చే బియ్యం బదులు కందిపప్పు, నూనె ఉన్న కిట్ ఇవ్వాలని కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో నిర్ణయించింది. పప్పు రావడం మేలే. నూనె విషయంలో మాత్రం పై లెక్కలు గుర్తుంచుకోవాలి.

సరిహద్దు తెలుగువారికి రేషన్ ఇచ్చేది తామున్న రాష్ట్రమే. కాబట్టి గ్రామసభలో, అంగన్‌వాడీలో రాగులు, పప్పు, గుడ్డు కావాలని అడగాల్సింది అక్కడే. ఇంట్లో చేసుకోదగినవీ ఉన్నాయి. రోజుకు ఒక పూట సంగటో, జొన్నరొట్టో.. దాంట్లోకి ఆకుకూర పప్పు, నిమ్మకాయ ముక్క. తిన్న వెంటనే టీ మానాలి. అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

నగర దుకాణాల్లో రాగిపిండి ఖరీదైన ప్యాకెట్లలో అమ్ముడుపోతోంది. దాన్ని పండించిన ఇళ్లలోని ఆడబిడ్డలు మాత్రం రక్తం చాలక ఆసుపత్రి వరుసలో నిలబడుతున్నారు. ఈ లెక్క సరిచేసుకోవాలంటే మొదట మారాల్సింది కంచమే.