పడవలు సమానం కావద్దా?

వానాకాలంలో హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవల పందేలు చూశారా? మన తార్నాకకు అదేం దూరం కాదు. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ వారి ‘హైదరాబాద్ సెయిలింగ్ వీక్’లో పేరున్నది లేజర్ పడవ. కెనడా దేశస్థుడు బ్రూస్ కిర్బీ గీసిన నమూనా. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పొడవు 4.23 మీటర్లు, ఒకే తెరచాప, నడిపేది ఒక్కరే. ఒక తరగతి పడవలన్నీ ఒకే అచ్చు. డబ్బుందని పడవకు మెరుగులు పెట్టుకుంటానంటే నిబంధన ఒప్పుకోదు. గెలిపించేవి గాలిని కనిపెట్టే కన్ను, ఒడుపు, సాధన. పడవ ధర సామాన్యుడికి అందదు, నిజమే. నేను మెచ్చుకునేది ఆ నిబంధనని.

మన చదువుల్లో పరీక్ష ఒకటే, పడవలే వేరు. ఒకరు కాన్వెంటు ఇంగ్లీషుతో వస్తారు. ఇంకొకరు పల్లెలో తెలుగు మీడియం చదివొచ్చి, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుని, రాత్రి పుస్తకం పడతారు. ఫలితాలొచ్చాక ‘మెరిట్’ అంటాం! మెరిట్‌ని కాదనను. కానీ ముందు పడవలు సమానం చేసి, ఆ తర్వాత కదా పందెం పెట్టాలి?

రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్‌లు, హాస్టళ్లు ఎవరి దయా కాదు; పందెం న్యాయంగా సాగడానికి పెట్టుకున్న కొలతలు. కొత్తవాళ్లకి ఇంగ్లీషు తరగతులూ, వేళకి స్కాలర్‌షిప్పూ ఆ కోవలోవే. యూనియన్ ముందు అడగవలసింది వీటినే. ఆ తర్వాత ఎవరు గెలిచినా మనసారా చప్పట్లు కొడదాం.