వైఫై ఉంది... నెట్‌ ఏదీ?

ఇంజినీరింగ్‌ కౌన్సెలింగ్‌లో వెబ్‌ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఈ రాత్రే ఆఖరు. తీరా అబ్బాయి కూర్చుంటే ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు కనిపిస్తోంది కానీ పేజీ తెరుచుకోదు. కంగారులో అన్ని సెట్టింగ్‌లూ మార్చేస్తే అసలుకే మోసం.

ముందు మొబైల్‌ డేటా ఆపేసి, అదే వైఫైతో ఫోన్‌లో నెట్‌ వస్తోందేమో చూడాలి. అందులోనూ రాకపోతే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు... రౌటర్‌దో, లైనుదో. ఫోన్‌లో వస్తుంటే, ల్యాప్‌టాప్‌ నెట్‌వర్క్‌ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 అడ్రస్‌ చూడాలి. అది 169.254తో మొదలైతే రౌటర్‌ నుంచి చిరునామా అందక, విండోస్‌ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట! రౌటర్‌ని ఆపి, అరనిమిషం ఆగి ఆన్‌చేసి, వైఫైని మళ్లీ కలిపితే చాలాసార్లు దారికొస్తుంది.

అడ్రస్‌ సరిగానే ఉంటే డీఎన్‌ఎస్‌ని అనుమానించాలి. వెబ్‌సైట్‌ పేరును అంకెల చిరునామాగా మార్చేది అదే. దాన్ని 8.8.8.8గా మార్చి చూడొచ్చు. ల్యాప్‌టాప్‌లో తేదీ తప్పుగా ఉన్నా చాలా సైట్లు మొరాయిస్తాయి.

ఇవేవీ ఫలించకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్‌ ఆన్‌చేసి ముందు ఆప్షన్లు సేవ్‌ చేసుకోవాలి. మరమ్మతుకి రేపుంది, గడువుకి లేదు!