మైనస్ 272 డిగ్రీల వార్త, మనకెందుకు?

గేమ్ ఆడితే ఫోన్ కాలిపోతోందని రోజూ తిట్టుకునే మనకి 'సూపర్‌కండక్టర్' మాట వింటే ఆశ పుట్టడం సహజమే. కరెంటుకి అడ్డే లేకపోతే ఆ వేడీ ఉండదు కదా! 2023లో ఎల్‌కే-99 హడావుడి అలాగే నడిచింది. మామూలు వేడిలోనే పనిచేస్తుందన్నారు, కొన్ని వారాల్లో తుస్సుమంది.

ఆ హడావుడిలో సగమైనా దక్కాల్సింది క్వాసీక్రిస్టల్స్‌కి. వీటిలో పరమాణువులు పద్ధతిగానే ఉంటాయి, కానీ డిజైన్ ఎక్కడా అచ్చంగా రిపీట్ అవ్వదు. 1982లో డాన్ షెక్ట్‌మన్ వీటిని గుర్తిస్తే చాలామంది నమ్మలేదు. 2011లో నోబెల్ ఇచ్చారు. 2018లో జపాన్ పరిశోధకులు ఒక అల్యూమినియం క్వాసీక్రిస్టల్‌లో సూపర్‌కండక్టివిటీ చూపించారు, అదీ 0.05 కెల్విన్ దగ్గర. తర్వాత టాంటాలమ్-టెల్లూరియం రకం దాదాపు 1 కెల్విన్‌కి, అంటే మైనస్ 272 డిగ్రీలకి చేరింది.

అసలు మజా అయస్కాంతం దగ్గరుంది. సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి, మామూలుగా వాటి స్పిన్‌లు ఎదురెదురు. అయస్కాంత క్షేత్రం రెండింటినీ ఒకే వైపు తిప్పాలని చూస్తుంది. పౌలీ లిమిట్ అనే హద్దు దాటితే జంట విడిపోవాలి. ఈ టాంటాలమ్ రకం ఆ హద్దు దాటినా నిలబడింది!

ఇది మీ ఫోన్‌లోకి వస్తుందా? రాదు. అయినా నా ఓటు దీనికే. ఎంఆర్ఐ మెషీన్ నడిచేది బలమైన క్షేత్రాన్ని తట్టుకునే సూపర్‌కండక్టర్ తీగలతోనే. అందుకే ఈసారి 'సంచలనం' అని ఫార్వర్డ్ వస్తే మూడు స్పెక్స్ అడగండి: ఎంత చలిలో? ఎంత క్షేత్రంలో? ఇంకో ల్యాబ్‌లో కూడా వచ్చిందా?